టీకా వేశాక పెద్దవాళ్ళను అడిగేదెవరు?

కోనసీమలోని ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో కాసేపు కూర్చుంటే ఒక విషయం తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట మండుతూ ఉంటుంది. జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. గంటల తరబడి అదే చెయ్యి, అదే ఊపు. 2023లో ఈ రేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనక ఉన్న చేతుల్లో వయసు మళ్ళిన ఆడవాళ్ళ చేతులూ ఉన్నాయి. అలాంటి ఒక మామ్మగారికి కుడి జబ్బకు టీకా వేశారనుకోండి. మర్నాడు చెయ్యి ఎత్తలేకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటే, అది జ్వరమా పొయ్యి సెగా అన్నది ఆవిడకే తెలియదు. నర్సమ్మ అడిగితే మాత్రం "ఏం లేదమ్మా, బానే ఉన్నాను" అంటుంది.

ఆ "బానే ఉన్నాను" దగ్గరే మన ఆరా ఆగిపోతోంది. టీకా వేయడం మన వ్యవస్థకు బాగా వచ్చు. వేసిన తర్వాత పెద్దవాళ్ళను కనిపెట్టుకుని ఉండడం, వాళ్ళకు ఏమైందో అడిగి రాసుకోవడం ఇంకా రావలసినంత రాలేదు. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

2021 మార్చి 1 మీకు గుర్తుండే ఉంటుంది. అరవై దాటినవారికి, నలభై అయిదు దాటి దీర్ఘరోగాలు ఉన్నవారికి కోవిడ్ టీకా మొదలైన రోజది. పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ ఊరూరికీ చేరాయి. మన గ్రామాల్లో సచివాలయాల ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వలంటీర్లు ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళను పిలుచుకొచ్చారు. సూది వేసి అరగంట కుర్చీలో కూర్చోబెట్టారు. అంతమంది పెద్దవాళ్ళకు ఒకేసారి టీకా వేయడం మన దేశానికి అదే మొదటిసారి. అప్పటిదాకా టీకా అంటే పసిబిడ్డది, లేదంటే గర్భిణిది. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను నమోదు చేసే ఏర్పాటు మన దేశంలో 1988 నుంచే ఉంది కానీ, అది ముఖ్యంగా పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని నడిచినది. తల్లి ఒడిలో బిడ్డ ఏడిస్తే తల్లి పరుగెత్తుకొస్తుంది. డెబ్బై అయిదేళ్ళ తాతగారు మంచం మీద మూలిగితే ఎవరు పరుగెత్తాలి?

2021 మే 17న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కొన్ని లెక్కలు బయటపెట్టింది. ఏప్రిల్ 3 నాటికి దేశంలో 7 కోట్ల 54 లక్షల డోసులు పడ్డాయి. కోవిడ్ టీకాల నమోదు వేదిక కోవిన్ ద్వారా 23 వేలకు పైగా ఇబ్బందులు నమోదయ్యాయి. వాటిలో 700 తీవ్రమైనవి. ఈ నివేదికలు 753 జిల్లాలకు గాను 684 జిల్లాల నుంచి వచ్చాయి. అంటే 69 జిల్లాల నుంచి ఒక్క కాగితం రాలేదు. ఆ జిల్లాల్లో ఎవరికీ జ్వరమే రాలేదని అనుకోగలమా? కోవిషీల్డ్ కరపత్రమే, టీకా వేసిన చోట నొప్పి సగం మందికి పైగా వస్తుందని చెప్పింది. కాబట్టి ఆ 69 జిల్లాల్లో ఏమీ జరగలేదని కాదు, ఎవరూ అడగలేదని, లేదా అడిగినా రాయలేదని నేను అనుకుంటాను.

అదే ప్రకటనలో రక్తం గడ్డకట్టే అరుదైన సమస్య గురించి కూడా ఉంది. కోవిషీల్డ్ తర్వాత అలా జరగడం మన దేశంలో పది లక్షల డోసులకు 0.61. బ్రిటన్‌లో అది 4, జర్మనీలో 10. మన శరీరాల్లో సహజంగా ఉన్న తేడా వల్ల కొంత తగ్గి ఉండవచ్చు. మన నమోదులో ఉన్న లోటు వల్ల ఎంత తగ్గిందో మాత్రం లెక్క కట్టడం కష్టం. నమోదు లేనప్పుడు మంచి కబురును కూడా గట్టిగా నమ్మలేం. ఇది వైద్యులకు చాలా బాధ కలిగించే సంగతి.

ఇక ఆ ఏడాది జూన్‌లో తెలిసిన ఒక మరణం. జాతీయ నిపుణుల సంఘం 31 కేసులను పరిశీలించింది. వాటిలో 18 కేసులకు టీకాతో సంబంధం లేదని, కాకతాళీయమని తేల్చింది. మూడింటికి టీకాయే కారణమని చెప్పింది. ఆ ముగ్గురికీ వచ్చింది తీవ్రమైన అలర్జీ, దాన్ని వైద్యులు అనఫిలాక్సిస్ అంటారు. ఇరవైల్లో ఉన్న ఇద్దరు కోలుకున్నారు. మార్చి 8న టీకా వేయించుకున్న 68 ఏళ్ళ పెద్దాయన కోలుకోలేదు. కోవిడ్ టీకా వల్లనే జరిగిందని మన దేశంలో ఆ సంఘం ధ్రువీకరించిన మొదటి మరణం అది. పెద్దల టీకా మొదలైన వారం రోజులకే జరిగింది.

ఇది విని భయపడకండి. ఇలాంటి అలర్జీ టీకాలన్నింటి మీదా చూస్తే పది లక్షల డోసులకు ఒకటి, ఒకటిన్నర మించదు. పైగా మందు ఉంది. తొడ కండరంలోకి అర మిల్లీలీటరు అడ్రినలిన్ వెంటనే ఇస్తే చాలావరకు మనిషి దక్కుతాడు. ఆ అరగంట కుర్చీలో కూర్చోబెట్టేది దానికోసమే. "ఇంట్లో పనుంది, వెళ్ళొస్తానమ్మా" అని పది నిమిషాలకే లేచిపోయే పెద్దలు మన కోనసీమలో ఎందరో. దయచేసి కూర్చోండి. కూర్చున్నవాళ్ళను చూసే సిబ్బందికీ ఒక మాట. మనిషి పాలిపోయి, నాడి నెమ్మదించి, పడుకోబెట్టగానే తేరుకుంటే అది సూదికి వచ్చిన కళ్ళు తిరగడం. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం ఉంటే అది అలర్జీ. పెద్దవాళ్ళలో గుండె జబ్బు ఉందని అడ్రినలిన్ ఇవ్వడానికి వెనకాడితే ప్రాణం పోతుంది. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ బిళ్ళలు వాడేవాళ్ళలో ఆ మందు కాస్త తక్కువగా పనిచేయవచ్చు కాబట్టి, ఏ బిళ్ళలు వాడుతున్నారో సూదికి ముందే అడగాలి. ఆ బిళ్ళల చీటీ జేబులోనో కొంగుకో పెట్టుకుని వెళ్ళడం పెద్దవాళ్ళు చేయవలసిన పని.

అరగంట దాటాక ఏమిటి? అసలు కష్టం ఇక్కడే ఉంది.

వయసు పెరిగేకొద్దీ టీకాకు ఒళ్ళు స్పందించే తీరు మందగిస్తుంది. కుర్రవాళ్ళకు వచ్చినంత జ్వరం, అంత నొప్పి పెద్దవాళ్ళకు రావు. అది ఒక రకంగా మేలే. కానీ జ్వరం రానంత మాత్రాన ఇబ్బంది లేదని కాదు. పెద్దవాళ్ళలో ఇబ్బంది వేరే రూపంలో కనబడుతుంది. రోజూ ఆరింటికి లేచే మనిషి ఎనిమిదైనా లేవదు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తుంది. మనవడి పేరు తడబడుతుంది. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు తిండి సరిగా తినకుండా మామూలుగానే బిళ్ళ వేసుకుంటే, చెమటలు పట్టి, వణికి, తికమకపడిపోతారు. చూసేవాళ్ళు "టీకా పడలేదు" అంటారు. పడిపోయింది షుగర్. అప్పుడు ముందు చేయాల్సింది, స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్ళు పట్టడం, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళడం. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చేయాలి.

పెద్దవాళ్ళ విషయంలో మనం రెండు రకాలుగా పొరబడుతున్నాం. ఒకటి, టీకా తర్వాత ఏం జరిగినా టీకా వల్లే అనుకోవడం. డెబ్బై దాటిన మనిషికి గుండెపోటు, పక్షవాతం ఎప్పుడైనా రావచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఒకే వారం టీకా వేస్తే, ఆ తర్వాతి నెలలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి జరిగి తీరుతుంది. టీకా వేయకపోయినా జరిగేది. రెండోది దీనికి సరిగ్గా ఎదురు. ఏం జరిగినా "వయసైపోయింది కదండీ" అని వదిలేయడం. ఈ రెండో పొరపాటు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మొదటిదాన్ని విచారించి తేల్చవచ్చు. రెండోది విచారణకే రాదు.

2021 జనవరిలో నార్వేలో వృద్ధాశ్రమాల్లో ఉన్న బాగా బలహీనులైన కొందరు ఫైజర్ టీకా తర్వాత మరణించారు. అక్కడి ఔషధ సంస్థ "పెద్ద వయసు" అని కొట్టిపారేయలేదు, టీకా ఆపేసి గగ్గోలూ పెట్టలేదు. నిపుణులు మొదటి వంద మరణాల కాగితాలను ఒక్కొక్కటిగా చదివారు. 10 మందిలో టీకా పాత్ర బహుశా ఉందన్నారు. 26 మందిలో ఉండే అవకాశం ఉందన్నారు. 59 మందిలో ఉండకపోవచ్చన్నారు. అయిదుగురి విషయం తేల్చలేమన్నారు. అప్పటికే జీవితం చివరి దశలో ఉన్నవాళ్ళకు మామూలు జ్వరం, వాంతులు కూడా మోయలేని భారమవుతాయని అర్థమై, అంత బలహీనులకు టీకా వేసేముందు మంచిచెడులు తూచి చూడమని వైద్యులకు చెప్పారు. ఆ వంద కాగితాలు లేకపోతే ఆ సలహా పుట్టేది కాదు.

కాగితాలు లేని చోట ఏమవుతుందో మన తెలుగునేల మీదే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. ఆ తర్వాత కొందరు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయినా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపవలసి వచ్చింది. హాస్టళ్ళలో వార్డెన్లే అనుమతి కాగితాల మీద సంతకాలు చేశారని, టీకా తర్వాత ఇబ్బందులను కనిపెట్టే ఏర్పాటు సరిగా లేదని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా నిర్దోషి అయినా జనం నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? టీకా వేసినవాళ్ళు తిరిగొచ్చి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి ఉంటే కదా. వాళ్ళు పిల్లలు, మనం మాట్లాడుతున్నది పెద్దల గురించి. కానీ హాస్టల్లో ఉన్న గిరిజన బాలిక లాగే, పిల్లలు దూరంగా ఉండి ఒంటరిగా బతుకుతున్న ముసలితల్లి గొంతు కూడా ఎవరికీ వినబడదు.

మన కోనసీమలో ఇది చాలా ఇళ్ళ కథ. కొడుకు హైదరాబాదులో, కూతురు కువైట్‌లోనో మస్కట్‌లోనో. ఇంట్లో మిగిలింది అమ్మా నాన్నా, లేదంటే ఇద్దరిలో ఒకరు. పిచుకలంక లాంటి చోట గోదారి పొంగితే రాకపోకలే కష్టం. దూరంలో ఉన్న పిల్లలారా, అమ్మకు టీకా వేశారని తెలిసిన రోజు ఫోన్ చేసి "బాగున్నావా" అని మాత్రం అడగకండి. "బానే ఉన్నానురా, నువ్వు తిన్నావా" అంటుంది, అక్కడితో అయిపోతుంది. పొద్దున్న ఎన్నింటికి లేచావు, ఏం తిన్నావు, ఎంత తిన్నావు, మంచినీళ్ళు తాగావా, అరుగు ఎక్కి దిగగలిగావా, రాత్రి ఎన్నిసార్లు లేచావు అని అడగండి. వీడియో కాల్ అయితే చెయ్యి చూపించమనండి. వాపు మోచెయ్యి దాటి దిగినా, ఎరుపు మూడు రోజులు దాటి పెరుగుతూ ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఈ ప్రశ్నలు టీకాకు ముందు రోజు కూడా అడగండి. అమ్మ మామూలుగా ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు అమ్మలో వచ్చిన తేడా కూడా తెలియదు. పక్కింటి పిన్నిగారి నంబరు దగ్గర ఉంచుకోండి.

ఇక్కడ కొన్ని మెలకువలు చెబుతాను. ఎక్కువగా పని చెయ్యని చేతికి టీకా వేయించుకోండి. రేకులు తీసేవాళ్ళు, కొబ్బరి పీచు పని చేసేవాళ్ళు ఈ మాట నర్సమ్మతో ముందే చెప్పండి. ఎకోస్ప్రిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళు, సూది గుచ్చిన చోట రుద్దకుండా రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. టీకా వేయించుకున్నామని బీపీ బిళ్ళలు, షుగర్ బిళ్ళలు సొంతంగా ఆపకండి. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు పెద్దవాళ్ళ కిడ్నీలకు, కడుపుకు చేటు. వాడపల్లి వెంకన్నకు ఏడు వారాల మొక్కు ఉన్నవాళ్ళు శుక్రవారం టీకా వేయించుకుని శనివారం జనంలో ప్రదక్షిణలు చేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. టీకా ఆదివారానికో సోమవారానికో పెట్టుకోమనండి, స్వామి ఏమీ అనుకోడు.

మూడు రోజులు గడిచాక ఊపిరి పీల్చుకోవచ్చు కానీ, ఆరు వారాల దాకా ఒక కన్ను వేసి ఉంచాలి. కాళ్ళలో మొదలైన తిమ్మిరి, బలహీనత రోజురోజుకూ పైకి పాకుతుంటే, నిన్న లేచిన మనిషి ఈ రోజు కుర్చీలోంచి లేవలేకపోతుంటే, అది వాతం నొప్పి అనుకోకండి. గీలన్ బారీ అనే నరాల జబ్బు కావచ్చు. చాలా అరుదు, కానీ ఆలస్యం చేస్తే ఊపిరి కండరాలకు పాకుతుంది. అమెరికాలో 1976లో స్వైన్ ఫ్లూ టీకా నాలుగున్నర కోట్ల మందికి వేసినప్పుడు, లక్షకు ఒకరికి అదనంగా ఈ జబ్బు రావడం గమనించి కార్యక్రమాన్ని ఆపేశారు. 2025 జనవరిలో అక్కడే, పెద్దవాళ్ళ ఊపిరితిత్తులకు సోకే వైరస్‌ను అడ్డుకోవడానికి వచ్చిన ఆర్‌ఎస్‌వీ టీకాలు అబ్రిస్వో, అరెక్స్‌వీల మీద ఇదే హెచ్చరిక చేర్చారు. 65 దాటినవారి బీమా రికార్డులు వెతికితే, పది లక్షల డోసులకు ఒకదానితో తొమ్మిది, రెండోదానితో ఏడు అదనపు కేసులు తేలాయి. పది లక్షల్లో ఏడుగురిని కూడా వదలకుండా వెతికి పట్టుకున్నారు. మనమూ ఆ స్థాయికి వెళ్ళాలి.

మీలో చాలామందిని 2024లో ఒక వార్త భయపెట్టింది. కోవిషీల్డ్ మూల కంపెనీ ఆస్ట్రాజెనెకా, రక్తం గడ్డకట్టడం అత్యంత అరుదుగా జరగవచ్చని బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుంది. ఊళ్ళలో పెద్దవాళ్ళు "మేం వేయించుకుని మూడేళ్ళయింది, ఇప్పుడేం అవుతుందండి" అని అడిగారు. ఆ సమస్య వచ్చేదైతే టీకా వేసిన కొద్ది వారాల్లోనే వస్తుంది. అదీ పెద్దవాళ్ళకన్నా చిన్న వయసువాళ్ళలో ఎక్కువ. 2021లోనే బ్రిటన్ నలభై లోపువాళ్ళకు వేరే టీకా ఇవ్వమన్నది ఆ కారణంగానే. కాబట్టి ఆ దిగులు వదిలేయండి.

ఇప్పుడు మన పెద్దవాళ్ళకు పడే టీకాలు కోవిడ్‌వి కావు. కుక్క కరిస్తే రేబిస్ టీకా, పొలంలో ఇనుము గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా, స్తోమత ఉన్నవాళ్ళకు ఫ్లూ, న్యుమోనియా, సర్పి టీకాలు. 2024లో క్షయ నివారణకని కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో అరవై దాటినవాళ్ళకు కూడా బీసీజీ వేశారు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పుండు లేచి మానుతుంది. అది సహజం, పసరు కట్లు కట్టకండి. సర్పి టీకాకు రెండు మూడు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం గట్టిగానే ఉంటాయి. అది తెలియక రెండో డోసు మానేసేవాళ్ళున్నారు. కానీ రేబిస్ టీకా ఒక్క డోసు కూడా మానకూడదు. ఇబ్బంది వస్తే డాక్టరుకు చెప్పి కొనసాగించాలి. రేబిస్ వస్తే మందు లేదు.

ఇబ్బంది ఎవరికి చెప్పాలి? ముందు మీ ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా, వైకల్యం మిగిలినా, ప్రాణం పోయినా అది తీవ్రమైన కేసు. పీహెచ్‌సీ వైద్యాధికారి 24 గంటల్లో ఫారం నింపి జిల్లా టీకాల అధికారికి పంపాలి. అక్కడి నుంచి మరో 24 గంటల్లో రాష్ట్రానికి, కేంద్రానికి వెళ్ళాలి. పది రోజుల్లో ప్రాథమిక విచారణ, డెబ్బై రోజుల్లో తుది విచారణ పూర్తి కావాలి. టీకా ప్రైవేటు ఆసుపత్రిలో వేయించుకున్నా ఇదే దారి. ఫారం నింపితే తమ మీద మచ్చ పడుతుందని కొందరు సిబ్బంది జంకుతారు. ఫారం నింపడం తప్పు ఒప్పుకోవడం కాదు. టీకా కారణమో కాదో తేల్చేది పైన ఉన్న సంఘం. కింద ఉన్నవాళ్ళ పని చూసింది చూసినట్టు రాయడం. కాబట్టి జిల్లా అధికారులకు నా విన్నపం, ఎక్కువ ఫారాలు పంపిన పీహెచ్‌సీని మందలించకండి. అసలు ఒక్కటీ పంపని పీహెచ్‌సీని పిలిచి అడగండి.

వాళ్ళు రాయకపోతే మీరే చెప్పవచ్చు. 2022 మే 2న జాకబ్ పులియెల్ అనే వైద్యుడు వేసిన కేసులో సుప్రీంకోర్టు, టీకా ఇబ్బందులను సామాన్యులు, ప్రైవేటు వైద్యులు కూడా నేరుగా నమోదు చేసే వీలు కల్పించాలని, ఆ నివేదికలు వ్యక్తుల వివరాలు బయటపడకుండా అందరికీ అందుబాటులో ఉండాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఘజియాబాద్‌లోని భారత ఔషధ నిఘా కేంద్రానికి డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. నంబరు రాసుకోండి: 1800 180 3024. మళ్ళీ చెబుతున్నాను, 1800 180 3024. ఫోన్ చేసేటప్పుడు టీకా పేరు, వేసిన తేదీ, సీసా మీది బ్యాచ్ నంబరు, వాడుతున్న మిగతా మందుల పేర్లు దగ్గర ఉంచుకోండి. అందుకే టీకా వేయించుకున్న రోజే బ్యాచ్ నంబరు అడిగి చీటీ మీద రాయించుకుని, రేషన్ కార్డుతో పాటు భద్రం చేయండి.

పెద్దలారా, నర్సమ్మ వచ్చి అడిగినప్పుడు "బానే ఉన్నాను" అనకండి. రాత్రి నిద్ర పట్టలేదని, అన్నం సయించలేదని, చెయ్యి లేవలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు చెప్పింది ఆమె రాస్తే, మీ తర్వాత ఆ టీకా వేయించుకునేవాళ్ళకు అది పనికొస్తుంది.